చెప్పుల పెట్టెలో పాత అద్దాలు

పోయినవారం మనం మందుల షాపు గాజుబల్ల దగ్గర ఆగాం. బల్ల మీద చిన్న చుక్కల మందు సీసా. దాన్ని అక్కడ ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది బేరానికి వచ్చిన మనిషి కాదు, షాపు నడిపే మందులక్కకి తోడబుట్టిన చెల్లెలు. "నీ మందులు నువ్వే ఉంచుకో. నా కూతురి కళ్ళని నీ షాపు తిన్నది చాలు" అంది పోతూ పోతూ.

అసలు సంగతి ఇది. చెల్లెలి కూతురికి పంతొమ్మిదేళ్ళు. ఇంటిల్లిపాదీ పిచ్చుక అంటారు. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా గుండ్రంగా ఉండాల్సిన కార్నియా పొర పలచబడి, శంకులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఆ పిల్లది. మూడు రోజుల కిందట కుడికంటికి ఆ పొరని గట్టిపరిచే చికిత్స చేశారు. మానేదాకా కంటి మీద కట్టుకి బదులు మెత్తటి లెన్సు, రోజుకి నాలుగుసార్లు యాంటిబయాటిక్ చుక్కలు. అదే ఆసుపత్రిలో, ఈ జబ్బు వచ్చినవాళ్ళు అంతకు ముందు యాంటిబయాటిక్ మందులు ఎన్నిసార్లు వాడారో ఒక డాక్టరు పరిశోధన చేస్తోంది. కనపడ్డ ప్రతివాళ్ళనీ "ఎన్నిసార్లు, ఎప్పుడు?" అని అడుగుతుంది కాబట్టి ఆమెకి లెక్కల డాక్టరని పేరు. ఆమె అడిగితే పన్నెండేళ్ళ రిజిస్టర్లు మోసుకెళ్ళి ఇచ్చింది మందులక్కే. జబ్బున్నవాళ్ళు లేనివాళ్ళకంటే రెట్టింపు మందులు వాడారని తేలింది. ఆ మాట కడుపులో దాచుకోవడం చేతకాక చెల్లెలికి చెప్పింది కూడా మందులక్కే. దాని ఫలితమే బల్ల మీది సీసా.

తెల్లారాక మందులక్క షట్టరు ఎత్తింది. బల్లంతా తుడిచింది, సీసా ఉన్నచోటు తప్ప. ఆగిన గొడవని కదిలిస్తే మళ్ళీ మొదలవుతుందన్నట్టు దాని చుట్టూ గుడ్డ తిప్పింది. నిన్న సాయంత్రం చుక్కలు పడలేదు, రాత్రివీ లేవు, ఇవాళ పొద్దుటివీ లేవు. మూడుసార్లు. చికిత్స కోసం పైపొర గీకేసిన కన్ను తలుపు ఊడదీసిన ఇల్లులాంటిది. ఏ క్రిమికైనా పిలవకుండానే లోపలికి దారి. పుండంటూ పడితే చూపు చెడడానికి వారం అక్కర్లేదని ఇరవయ్యారేళ్ళుగా మందులమ్ముతున్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికి ఫోను చేసింది. చెల్లెలు ఎత్తలేదు. రెండోసారి పిచ్చుక ఎత్తింది.

"పెద్దమ్మా, అమ్మ పక్కనే ఉంది. నేను నీతో మాట్లాడట్లేదు. పదిన్నరకి కన్ను చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తున్నాం, ఆ సంగతి కూడా నీకు చెప్పట్లేదు" అని పెట్టేసింది.

మందులక్కకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో పక్క షాపు నుంచి చెక్కగోడ మీద ఎవరో తట్టారు. ఎవరో ఏమిటి, అద్దాల బాబాయే. కళ్ళజోళ్ళ షాపుకీ మందుల షాపుకీ మధ్య ఒక్క చెక్కగోడే అడ్డం. ఇటు దగ్గితే అటు "మిరియం ఏమైనా వేసుకో" అంటాడాయన.

"అమ్మాయీ, నిన్న మీ చెల్లెలి అరుపులకి నా ఫ్రేములన్నీ మెలితిరిగాయి. పొద్దుట్నుంచీ సరిచేసుకుంటున్నా" అన్నాడు గోడకి అవతలినుంచే.

"నవ్వే ఓపిక లేదు బాబాయ్."

"నవ్వమన్లేదు. ఒక మాట అడుగుతా చెప్పు. పిచ్చుకకి నువ్వు మొదటిసారి చుక్కలిచ్చింది ఎప్పుడు?"

"ఎందుకు?"

"ఆ పిల్లకి నేను మొదటి జత అద్దాలు చేసింది ఎనిమిదో క్లాసులో. అద్దాలు కోసేవాడు ఫోను చేసి మరీ అడిగాడు, ఇంత చిన్నపిల్లకి ఇంత సిలిండర్ పవరేంటండీ, రాయడంలో తప్పు పడిందా అని. అందుకే గుర్తుంది. నీ మందుల వల్లే కన్ను వంకర పోతే, ఆ మందులు అంతకు ముందే ఇచ్చి ఉండాలి కదా?"

మందులక్క చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

సిలిండర్ పవరంటే ఆమెకి తెలుసు. బంతిలా ఉండాల్సిన కన్ను గుడ్డులా ఒకవైపు సాగితే, ఆ సాగుడుకి సరిపోయేలా వేసే పవరు. పిచ్చుక జబ్బు మొదట బయటపడేదే ఆ పవరులో. డాక్టర్లు ఈ మాట ఆమె ముందే ఎన్నిసార్లు అన్నారో. అయినా తట్టలేదు. తన రిజిస్టరు తన కళ్ళకి అంతగా అడ్డం పడింది.

ఆమె లేచి పక్క షాపుకి వెళ్ళింది. బాబాయి అప్పటికే బీరువా మీదనుంచి చెప్పుల పెట్టె దించుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనదొక పద్ధతి. పాత ఫ్రేముకి కొత్త అద్దాలు వేసినప్పుడల్లా ఊడదీసిన పాత అద్దాల్ని కాగితం కవర్లో పెట్టి, పైన అవి చేసిన తేదీ వేసి దాస్తాడు. "వారం తిరక్కుండా వచ్చి, పాతవే బాగుండేవండీ అనే మహానుభావుడు ప్రతి నెలా ఒకడుంటాడు. వాడికి చూపించడానికి" అంటాడు. ఎవరికీ అక్కర్లేకపోయినా పారెయ్యబుద్ధి కాదు. కవర్ల మీద పేర్లుండవు, ఆనవాళ్ళుంటాయి. 'పోస్టాఫీసు మూడో కిటికీ', 'ఎడమచేతి వడ్రంగి', 'నవ్వని టీచరు'. అలాంటి వాటి మధ్యనుంచి ఆయన ఒక కవరు లాగాడు. 'పిచ్చుక – మొదటి జత.' కింద తేదీ.

మందులక్క తన షాపుకి వచ్చి రిజిస్టరు తెరిచింది. లెక్కల డాక్టరు తిరిగిచ్చేసిన వాటిలోది, ఎర్ర అట్టది. 'చెల్లెలి కూతురు. కళ్ళు ఎరుపు, దురద. చుక్కలు ఒక సీసా.' ఒక వేలు ఆ తేదీ మీద, ఇంకో వేలు కవరు మీది తేదీ మీద పెట్టింది. మధ్యలో పధ్నాలుగు నెలలు.

అద్దాలు ముందు. చుక్కలు తర్వాత.

"బాబాయ్, షట్టరు దించు. పెట్టె తీసుకో" అంది.

"మొత్తం పెట్టేనా?"

"మొత్తం. పిచ్చుకది ఒక్కటే చూపిస్తే మా చెల్లెలు నమ్మదు, డాక్టరు అసలే నమ్మదు."

వెళ్ళేముందు ఆమె ఫ్రిజ్ తెరిచి అదే మందు కొత్త సీసా తీసి, పాత రిజిస్టర్లతో పాటు సంచీలో వేసుకుంది.

*

ఆసుపత్రి ముందు చెల్లెలి కారుంది, నెత్తిన ఎర్రటి ఎల్ బోర్డుతో. చెల్లెలు ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని రోజూ ఎనిమిది మంది చేత బండి నడిపిస్తుంది, రోడ్డు మీద ఎంతమందిని తిడుతుందో లెక్కలేదు. ఇప్పుడు డ్రైవరు సీట్లో ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒకావిడ స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, కదలని కారులోనే చెమటలు పడుతూ కూర్చుంది.

రెండో అంతస్తు వరండాలో బెంచీ మీద తల్లీకూతుళ్ళు. పిచ్చుక నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. అక్కనీ, వెనకాలే చంకలో పెట్టెతో బాబాయినీ చూసి చెల్లెలు లేచి నుంచుంది.

"రిజిస్టర్లు మోసుకొచ్చింది చాల్లేదా? ఇవాళ చెప్పులు కూడా తెచ్చావా?"

"అమ్మా, కొత్త చెప్పులైతే నాకేనేమో, ఉండు" అంది పిచ్చుక.

"నువ్వు నోరు ముయ్యి."

మందులక్క తలుపు నెట్టుకుని నేరుగా లెక్కల డాక్టరు గదిలోకి వెళ్ళింది. చిన్న గది. గడ్డం ఆనించి కూర్చునే యంత్రాలు రెండు, గోడకి అక్షరాల బోర్డు, బల్ల నిండా కాగితాలు. డాక్టరు తలెత్తేలోపే అనేసింది.

"డాక్టరుగారూ, ముందు పిల్ల కన్ను చూడండి. నిన్న సాయంత్రం నుంచీ మూడుసార్ల చుక్కలు పడలేదు. మా గొడవ తర్వాత. మేం ఎలాగూ కొట్టుకుంటాం, అది ఎక్కడికీ పోదు."

డాక్టరు మొహంలో రంగు మారింది. పిచ్చుకని యంత్రం ముందు కూర్చోబెట్టింది, దీపం ఆర్పింది. సన్నటి వెలుగు గీత ఆ పిల్ల కంటి మీద మెల్లగా అటూ ఇటూ కదిలింది. చెల్లెలు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది గానీ, ఆమె కాలి బొటనవేలు నేలని గట్టిగా నొక్కుతోంది, కనపడని బ్రేకుని తొక్కుతున్నట్టు. మందులక్క అది చూసింది. కోపంగా ఉన్నవాళ్ళ కాళ్ళు అలా ఉండవు. భయంగా ఉన్నవాళ్ళవి ఉంటాయి.

"పుండు లేదు" అంది డాక్టరు. ఇంకాసేపు చూసి, "మచ్చ లేదు. చీము లేదు. మూడొంతులు మానింది" అంది.

బాబాయి పెట్టెని ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ వయసులో నాకిలాంటివి చూపించకండమ్మా" అన్నాడు.

"మీ అదృష్టం బాగుంది" అని డాక్టరు దీపం వేసింది. "కానీ అదృష్టాన్ని రోజుకి నాలుగుసార్లు వెయ్యలేం. చుక్కలు ఎందుకు మానేశారు?"

"మీరు చెప్పబట్టే!" అంది చెల్లెలు. "మీ పరిశోధనలోనే వచ్చిందటగా, ఈ జబ్బున్నవాళ్ళు రెట్టింపు యాంటిబయాటిక్ వాడారని. కంటిని పాడుచేసిన మందునే మళ్ళీ కంట్లో పోసుకోమంటారా?"

"అమ్మా, రెండూ కలిసి కనపడుతున్నాయన్నాం. దానివల్ల ఇది వచ్చిందని మేం ఎక్కడా అనలేదు. ఆ రెండింటికీ తేడా ఉంది."

"ఆ తేడా మీ కాగితాల్లో ఉంటుంది. మా ఇంట్లో లేదు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే పిల్ల."

అప్పుడు మందులక్క ముందుకొచ్చి ఎర్ర అట్ట రిజిస్టరు బల్ల మీద తెరిచి పెట్టింది.

"డాక్టరుగారూ, మా పిల్లకి జబ్బు మొదలైన తేదీ ఏదని రాసుకున్నారు?"

డాక్టరు కాగితం చూసింది. "పోయిన ఏడాది... మా దగ్గర నిర్ధారణ అయిన రోజు. అందరికీ అలాగే తీసుకున్నాం. అక్కణ్ణుంచి వెనక్కి ఐదేళ్ళలో ఎన్ని మందులు వాడారో లెక్కపెట్టాం."

"అంటే మీరు దానికి పేరు పెట్టిన రోజు."

"అలా అనుకోండి."

"మా చెల్లెలు ఈ పిల్లకి నాలుగో నెల వచ్చేదాకా పేరు పెట్టలేదు, నచ్చింది దొరక్క. అంతమాత్రాన ఆ నాలుగు నెలలూ పిల్ల పుట్టనట్టేనా? రాత్రుళ్ళు మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఎవరు మరి?"

"నాలుగు నెలలు వెతికి చివరికి పిచ్చుకని పిలిచారా నన్ను?" అంది పిచ్చుక.

ఎవరూ నవ్వలేదు, బాబాయి తప్ప. నవ్వుతూనే కవరు తీసి డాక్టరుకి అందించాడు. డాక్టరు పై తేదీ చూసి, కిందనున్న రిజిస్టరు తేదీ చూసి, లేచింది. అద్దాల పవరు చూసే మిషను ఆ గదిలోనే ఓ మూల ఉంది. పాత అద్దాన్ని దానిలో పెట్టి, కన్ను ఆనించి, చక్రం తిప్పింది. ఓసారి. మళ్ళీ ఓసారి. రెండో అద్దం. కాగితం మీద రెండు అంకెలు వేసింది. వేసి, కలం కింద పెట్టేసింది.

"ఇంకా ఉన్నాయా ఇలాంటివి?" అంది.

"ముప్పై ఏళ్ళవి ఉన్నాయి" అన్నాడు బాబాయి. అంత గర్వంగా ఆయన ఏ కొత్త ఫ్రేమునీ చూపించి ఉండడు.

డాక్టరు తన జాబితా తీసింది. పరిశోధనకి ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళలో మందులక్క వీధివాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు. బాబాయి కవర్ల మీది ఆనవాళ్ళు మందులక్కకి తప్ప ఎవరికీ అర్థం కావు. "మూడో కిటికీ అంటే మీ జాబితాలో ఆరో ఆవిడ. నవ్వని టీచరు... ఇదిగో ఈయన. జబ్బు పాపం, ఎప్పుడూ కళ్ళు చికిలించి చూస్తుంటే నవ్వెక్కణ్ణుంచి వస్తుంది?" అంటూ ఒక్కొక్కటీ విప్పి చెప్పింది. డాక్టరు అద్దాలు కొలిచింది. మందులక్క రిజిస్టర్లలో మొదటి మందు తేదీ వెతికి చదివింది. పిచ్చుక ఒంటికన్నుతోనే కాగితం మీద గీతలు పెట్టింది. అరగంట పట్టింది. మధ్యలో కింద కారులో ఆవిడ ఫోను చేస్తే, "ఇంజను ఆపెయ్యి, భయపడకు, ఆగిన కారు ఎవర్నీ గుద్దదు" అని చెప్పి పెట్టేసింది చెల్లెలు. చెప్పి మళ్ళీ బల్ల దగ్గరికే వచ్చింది. గోడనుంచి బల్ల దాకా ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు.

తొమ్మిది మందిలో ఏడుగురికి సిలిండర్ పవరు ముందు. మందులు తర్వాత.

"తొమ్మిది మందితో ఏదీ రుజువవదు" అంది డాక్టరు మెల్లగా. "అందరి పాత అద్దాలూ వెతకాలి, లెక్క మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. కానీ నేను తప్పు చోట నుంచుని లెక్కపెట్టానని మాత్రం అర్థమైంది. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఎలర్జీ దురద ఉంటుంది. కళ్ళు ఎర్రబడతాయి, నలుపుకుంటారు. చూసినవాళ్ళు ఇన్ఫెక్షన్ అనుకుని యాంటిబయాటిక్ ఇస్తారు. మందు వెంట జబ్బు రాలేదమ్మా. జబ్బే మందుని వెంటేసుకుని తిరిగింది."

"అంటే రివర్సు గేరులో చూసి, బండి ముందుకి పోతోందన్నారన్నమాట" అంది చెల్లెలు.

"అన్నమాటే" అంది డాక్టరు, తప్పు ఒప్పుకున్న మొహంతో.

మందులక్క కుర్చీ వెతుక్కుని కూర్చుంది. వారం రోజులుగా మెడ మీద మోస్తున్న బస్తా దించినట్టయింది. దించాక తెలిసింది అదెంత బరువో. కానీ ఊరుకోవడం ఆమె తత్వం కాదు. రిజిస్టరుని డాక్టరు వైపు తిప్పి వేలు పెట్టింది.

"నాకు తప్పే లేదని అనిపించుకోడానికి రాలేదండీ. పిల్లకి పదకొండుసార్లు మందిచ్చాను. ఏడుసార్లు డాక్టరు చీటీ గడి ఖాళీగా ఉంది. చూడండి. ఇవి ఇవ్వాల్సినవి కావు."

"ఆ గడి ఖాళీగా ఉంచింది నేను" అంది చెల్లెలు.

అందరూ ఆమె వైపు చూశారు.

"డాక్టరు దగ్గర కూర్చునే తీరిక నాకెక్కడిదే, నువ్వే ఏదో ఒకటి ఇచ్చెయ్ అని ప్రాణం తీసింది నేను. ఒకసారి ఇవ్వనంటే, సొంత అక్కవై ఉండి రూల్సు మాట్లాడతావా అని మూడు రోజులు మాట్లాడ్డం మానేశాను. గుర్తులేదా?"

"నాలుగు రోజులు" అంది మందులక్క.

"చూశావా, దానికీ లెక్కే!" అంది చెల్లెలు. అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపై, అక్క భుజం మీద వాలింది. "నీ మొహానే అనేశాను కదే అంత మాట. నీ షాపు తిన్నదని. ఎవరైనా అక్కనంటారా అలాగ?"

"చెల్లెళ్ళంటారు. బయటివాళ్ళకి అంత చనువెక్కడిది?" అంది మందులక్క, ఆమె వీపు నిమురుతూ.

డాక్టరు రిజిస్టరు మూసింది. "ఆ ఏడు సీసాల వల్ల జబ్బు రాలేదు. అలాగని దురదా తగ్గలేదు. అప్పుడే ఎవరైనా కంటి డాక్టరు చూసి ఉంటే జబ్బు ముందే దొరికేదేమో, ఆ మాట నేను దాచను. కానీ ఇప్పుడు పట్టుకున్నాం, ఆపుతున్నాం. అది చాలు. ఇక చీటీ లేనిదే ఎవరికీ ఇవ్వకండి."

"ఇక ఆ గడి ఖాళీగా ఉండదు" అంది మందులక్క.

చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. "సీసా తెచ్చావా?"

"తెచ్చాను. నువ్వు పడేసి వెళ్ళింది కాదు. అది రాత్రంతా బల్ల మీద ఉంది. కొత్తది."

"వెయ్యి."

"నువ్వెయ్యి, తల్లివి."

"నీ చేతికి అలవాటే. నువ్వే వెయ్యి."

పిచ్చుక తల వెనక్కి వాల్చింది. మందులక్క చేతులు కడుక్కుని, సీసా మూత తిప్పి, కింది రెప్పని వేలితో కొద్దిగా లాగి ఒక చుక్క వేసింది. పిల్ల కన్ను మూసుకుంది. చెంప మీదికి జారిన తడిని చెల్లెలు తుడిచింది.

"చల్లగా ఉంది పెద్దమ్మా" అంది పిచ్చుక. "ఇప్పుడు నీతో మాట్లాడుతున్నట్టేనా నేను?"

అప్పుడు నవ్వారు అందరూ, డాక్టరుతో సహా. కిటికీ తలుపు ఎవరో తీసినట్టయింది గదిలో.

బాబాయి కవర్లన్నీ పెట్టెలో సర్దుతున్నాడు. డాక్టరు ఆ సంతోషంలోనే పిచ్చుక కాగితాలు తిరగేస్తూ, "ఇంట్లో ఎవరికైనా అద్దాలున్నాయా అన్నచోట లేవని రాశారు. అంతేగా?" అని అడిగింది.

"అంతే" అంది చెల్లెలు.

"అంతే ఏమిటమ్మాయ్, మర్చిపోయావా?" అన్నాడు బాబాయి అమాయకంగా. అడుగునున్న ఒక కవరు పైకి తీశాడు. కాగితం పసుపుపచ్చగా మారింది. 'మందులక్క చెల్లెలు – వారంలో తిరిగిచ్చింది.' తేదీ ఇరవైనాలుగేళ్ళ కిందటిది.

"బాబాయ్!" అంది చెల్లెలు. ఆ గొంతు విని బాబాయి కవరు వెనక్కి పెట్టబోయాడు గానీ, అప్పటికే డాక్టరు చెయ్యి చాచింది. అద్దం మిషనులో పెట్టింది. ఈసారి చక్రం చాలాసేపు తిరిగింది.

"ఎడమకన్ను. మూడున్నర సిలిండర్."

మందులక్క చెల్లెల్ని చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మొహం. దాని మీద ఏనాడూ అద్దాలు చూడలేదు. అద్దాలు చేయించుకుందని వినలేదు కూడా.

"అప్పుడేదో తలనొప్పి వస్తే చేయించాను. పెట్టుకుంటే ఇంకా ఎక్కువైంది, ఇచ్చేశాను. అంతే. నా చూపు బంగారం. రోజుకి ఎనిమిది మందికి బండి నేర్పుతున్నాను, చూపు లేకుండానే?"

"ఉండే ఉంటుందమ్మా" అంది డాక్టరు మెత్తగా. "మీ వయసులో ఉన్నా ఇక పెరగదు కూడా, కంగారు లేదు. కుటుంబంలో ఉందో లేదో తెలిస్తే పిల్లకి మంచిది. కుడికన్ను మూసుకుని ఆ బోర్డు చదవండి, చాలు."

"చదవలేనా ఏమిటి?" చెల్లెలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. డాక్టరు వెళ్ళి బోర్డు దగ్గర దీపం వేసి వచ్చింది. చెల్లెలు అరచేత్తో కుడికన్ను మూసుకుని, గుక్కతిప్పుకోకుండా మొదలుపెట్టింది.

"గ. ట, ప. ర, వ, న. డ, మ, స, ల. ఇంకా కింది వరస కూడా కావాలా? క, త, య, బ, ద."

ఎక్కడా తడబడలేదు. మందులక్క ఆ గొంతునే వింటోంది, ఆ మొహాన్నే చూస్తోంది. హమ్మయ్య అనుకుంది మనసులో. పాత అద్దం, పాత తలనొప్పి, అంతే. ఇవాళ అన్నీ మంచి కబుర్లే.

పిచ్చుక నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని ఉంది. బాగున్న కంటితో ఓసారి గోడ వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

"అమ్మా" అంది చాలా నెమ్మదిగా. "నువ్వు చదివింది ఆర్నెల్లుగా నీ ముందే నేను చదువుతున్న బోర్డు. డాక్టరుగారు ఇప్పుడే దాన్ని వెనక్కి తిప్పారు."

మందులక్క అప్పుడు చూసింది గోడని. పైన, అరచెయ్యంత పెద్ద నల్ల అక్షరం 'చ'. దాని కింద 'ఉ, శ'. చెల్లెలు చదివిన వరసల్లో ఒక్కటీ అక్కడ లేదు.

చెల్లెలు కుడికంటి మీదనుంచి చెయ్యి తియ్యలేదు. కింద ఎల్ బోర్డు కారు రెండుసార్లు హారను కొట్టింది.